అతుకు వేయడానికే మళ్ళీ పుడతారట

ప్రియమైన పిల్లలకు,

"తాతయ్యా, మళ్ళీ పుట్టడం మన పురాణాల్లోనే ఉందా? యూదులకూ ఉందా? వాళ్ళకి రాశులు కూడా ఉన్నాయని మా క్లాసులో ఒకబ్బాయి అన్నాడు" అని మీలో ఏడో తరగతి చదివే పాప అడిగింది. రెండూ ఉన్నాయమ్మా. యూదులంటే ఎక్కడో దూరాన ఉండేవాళ్ళే అనుకోకండి. మన గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగే మాట్లాడుతూ, శనివారాన్ని సబ్బాతుగా, అంటే విశ్రాంతి దినంగా పాటించే కుటుంబాలున్నాయి. అయితే నేను చెప్పబోయేది మాత్రం ఇజ్రాయెల్‌లోని గలిలయ కొండల్లో జరిగిన ముచ్చట.

అక్కడ కొండమీద సఫెద్ అని ఒక ఊరుంది. 1570లో ఈజిప్టు నుంచి ఐజక్ లూరియా అనే గురువు ఆ ఊరు చేరాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 1572లో, ఊరిమీద పడ్డ అంటువ్యాధికి పోయాడు. అప్పటికి ఆయన వయసు 38 దాటలేదు. తన చేత్తో రాసింది చాలా తక్కువ. హయీం విటాల్ అనే శిష్యుడు విన్నదంతా రాసిపెట్టబట్టి ఆ మాటలు మిగిలాయి. శుక్రవారం సాయంత్రం అయిందంటే లూరియా శిష్యుల్ని వెంటబెట్టుకుని, సబ్బాతుకు ఎదురేగడానికి ఊరి బయటికి వెళ్ళేవాడు. మనిషి నుదురు చూసి, ఈ ఆత్మ ఇదివరకు ఎవరిలో ఉండేదో, ఏ పని మిగిలిపోయి తిరిగొచ్చిందో ఆయన చెప్పగలడని శిష్యుల నమ్మకం. అలా తిరిగిరావడాన్ని గిల్గుల్ అంటారు. మిగిలిన పని చక్కబెట్టుకోవడాన్ని తిక్కున్ అంటారు.

మీకు బొంత తెలుసా? మా చిన్నప్పుడు వేసవి మధ్యాహ్నాల్లో మా నాయనమ్మ, పక్కింటి అత్తయ్యలు వేపచెట్టు కింద పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి బొంతలు కుట్టేవాళ్ళు. వాళ్ళ కళ్ళకు సూది బెజ్జం ఆనేది కాదు. దారం ఎక్కించడం నా డ్యూటీ. దారం కొస నోట్లో తడిపి, వేళ్ళతో నులిమి ఎక్కించి ఇస్తే, "మా నాయనే" అని గుప్పెడు వేరుశనగకాయలు చేతిలో పోసేవాళ్ళు. రాత్రి ఆ బొంత మీద పడుకుని ఏ ముక్క ఎవరిదో వెతికేవాణ్ణి. ఈ ఆకుపచ్చది అమ్మ చీర. ఈ తెల్లది తాతయ్య పంచె. ఆయన నేను పుట్టకముందే పోయాడు. ఆయన పంచె మాత్రం నా వీపు కింద మెత్తగా ఉండేది.

ఏడాది తిరిగేసరికి ఏదో ఒక చోట గుడ్డ చీకిపోయేది. నాయనమ్మ బొంతంతా విప్పేది కాదు. ఆ చోట మటుకు అతుకు వేసి, గట్టిగా ఉన్న ముక్కల జోలికి వెళ్ళేది కాదు. లూరియా చెప్పింది కూడా ఇదే. యూదుల ధర్మశాస్త్రంలో 613 ఆజ్ఞలు ఉన్నాయి. ఒక ఆత్మ ఒక బతుకులో వాటిలో ఎంతవరకు నెరవేర్చిందో, అంతవరకు అది గట్టిపడినట్టే. చీకిపోయిన భాగం మాత్రమే అతుకు కోసం తిరిగొస్తుంది. ఒకే మనిషిలో ఎందరివో ఆత్మల తునకలు కూడా ఉండొచ్చట, అమ్మ చీర పక్కనే తాతయ్య పంచె ఉన్నట్టు.

మరి రాశుల సంగతి? యూదుల ప్రాచీన గ్రంథం ఒకటి హీబ్రూ అక్షరాలు 22లో 12 అక్షరాలను పన్నెండు నెలలకు, పన్నెండు రాశులకు జతచేసింది. రాశులు వాళ్ళవీ మనవీ ఒకటే: మేషం, వృషభం, మిథునం, అదే వరస. రాశిచక్రం పుట్టిల్లు బాబిలోను. అక్కడి నుంచి గ్రీకుల మీదుగా మన దాకా వచ్చింది. నువ్వు పుట్టిన ఘడియ నీ చేతికి ఏ గుడ్డ ఇచ్చిందో రాశి చెబుతుందంటారు. దాంతో ఏం కుట్టాలో చెప్పదు. వాళ్ళ పండితుల చర్చలన్నీ ఉన్న తాల్ముద్ అనే గ్రంథంలో ఇలా ఉంది: అంగారకుడి ఘడియలో పుట్టినవాడు రక్తం చిందిస్తాడు. వెంటనే రవ్ అషీ అనే పండితుడు అంటాడు, అలాంటివాడు దొంగ కావచ్చు, కసాయి కావచ్చు, జబ్బు నయం చేయడానికి రక్తం తీసే వైద్యుడూ కావచ్చు అని. ఎర్రగుడ్డ ఒకటే. నాకు ఈ మాట చాలా ఇష్టం.

అక్కడే ఇంకో కథ ఉంది. రబ్బీ అకీవా అనే గురువు కూతురు పెళ్ళినాడు పాము కాటుకు చనిపోతుందని జ్యోతిష్కులు చెప్పారు. ఆ తండ్రికి ఎంత టెన్షనో చూడండి! పెళ్ళిరాత్రి ఆ పిల్ల తన పిన్ను తీసి గోడ సందులో గుచ్చింది. తెల్లారి లాగితే దాని వెంట పాము వచ్చింది. పిన్ను సరిగ్గా దాని కంట్లో దిగింది. "నువ్వేం చేశావమ్మా?" అని తండ్రి అడిగాడు. "సాయంత్రం ఒక పేదవాడు గుమ్మంలోకొచ్చాడు. అందరూ విందు హడావిడిలో ఉన్నారు, ఎవరికీ వినబడలేదు. నా వంతు భోజనం అతనికిచ్చాను" అంది. పిల్లలూ, మీ ఇంట్లో ఫంక్షన్ జరిగేటప్పుడు గుమ్మం వైపు కూడా ఒక చెవి వేసి ఉంచండి.

యూదులంతా ఇవన్నీ ఒప్పుకున్నారనీ కాదు. పదో శతాబ్దంలో సాదియా గావోన్ అనే యూదు పండితుడు పునర్జన్మను కొట్టిపారేశాడు. పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిడీస్‌కు జ్యోతిష్యం అస్సలు గిట్టదు. పెద్దవాళ్ళే అంత గట్టిగా వాదించుకున్న చోట నేను తీర్పు చెప్పను. నా మనసును పట్టుకున్నది మాత్రం వాళ్ళలో చాలామంది నిద్రపోయే ముందు చేసే ప్రార్థన. ఈ జన్మలోగానీ మరో జన్మలోగానీ నన్ను నొప్పించిన వాళ్ళందరినీ క్షమిస్తున్నాను అంటారు అందులో. గుర్తే లేని జన్మలో జరిగిన తగవు కూడా పడుకునే ముందు తెంచేసుకోవడం! దీన్ని ఎలా వివరించాలో నాకు తెలియదు. ఇవాళ ఎవరితోనైనా పోట్లాడి ఉంటే, ఆ ఒక్క వాక్యం అనుకుని పడుకుని చూడండి.

ఇంకో పని చెబుతాను. 1928లో ఆ గలిలయకు దక్షిణాన, గిల్బోవా కొండ కింద, బెత్ అల్ఫా దగ్గర రైతులు కాలువ తవ్వుతుంటే ఆరో శతాబ్దపు యూదుల ప్రార్థనామందిరం నేల బయటపడింది. రంగురాళ్ళతో పొదిగిన పన్నెండు రాశులు దానిమీద ఉన్నాయి. ఫొటోలు దొరుకుతాయి, అందులో తేలు ఎక్కడుందో వెతకండి. తర్వాత వానలు మొదలుకాకముందే, మే నెలాఖర్లో రాత్రి పదింటికి డాబా ఎక్కి ఆగ్నేయం వైపు చూడండి. ఎర్రగా మెరిసేది జ్యేష్ఠా నక్షత్రం, వృశ్చికం గుండె. అక్కడి నుంచి కిందికి వంకర తిరిగిన కొండి దాకా ఎన్ని చుక్కలు లెక్కకొచ్చాయో నాకు రాయండి. సిటీ లైట్లలో కొండి కనబడకపోతే అమ్మమ్మగారి ఊరెళ్ళినప్పుడు చూడండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య