పల్స్ నాయిస్‌ను ఎక్కడ కోయాలి: ఫిల్టర్‌కు ముందా, తర్వాతా?

సిగ్నల్‌ను వీలైనంత త్వరగా అంకెలుగా మార్చేసి, మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌కు అప్పగించే రిసీవర్లు, సెన్సర్ బోర్డులు పెరిగేకొద్దీ పాత వాదన ఒకటి మళ్లీ రాజుకుంది. స్విచింగ్ పవర్ సప్లైలు, మోటార్ డ్రైవ్‌లు, ఎల్‌ఈడీ దీపాలు, సోలార్ ఇన్వర్టర్లు చిమ్మే పల్స్ నాయిస్‌ను (క్షణంలో వచ్చిపోయే విద్యుత్ చప్పుళ్లను) అనలాగ్ దశలోనే, అంటే సిగ్నల్ అంకెలుగా మారకముందే, అణచాలా? తర్వాత కోడ్ రాసి తుడిచేస్తే చాలదా? ఇప్పటి వాదనకు మూలం 1932, 1936లలో ఒకే మనిషి చేసిన రెండు పనుల్లో ఉందని నా నమ్మకం.

ఆయన జేమ్స్ లాంబ్. అమెరికాలో అమెచ్యూర్ రేడియో వాళ్ల పత్రిక క్యూఎస్‌టీకి టెక్నికల్ ఎడిటర్. క్రిస్టల్ ఫిల్టర్ పెట్టి, పక్క స్టేషన్లను గట్టిగా అడ్డుకునే ‘సింగిల్ సిగ్నల్’ రిసీవర్‌ను 1932లో ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. బ్యాండ్‌విడ్త్ (లోపలికి వదిలే ఫ్రీక్వెన్సీల వెడల్పు) ఎంత సన్నబడితే రిసీవర్ అంత గొప్పదనే నమ్మకం అప్పటి నుంచి బలపడింది. పక్క స్టేషన్ల విషయంలో అది నిజమే. కారు ఇగ్నిషన్ స్పార్క్ విషయంలో మాత్రం కాదు. సన్నని ఫిల్టర్‌ను పల్స్ తాకగానే ఫిల్టరే గంటలా కాసేపు మోగుతుంది. అలా మోగినంతసేపూ అసలు సిగ్నల్ వినబడదు.

1936 ఫిబ్రవరిలో లాంబ్ దీనికి జవాబు అచ్చు వేశారు. ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ దశలో (వచ్చిన సిగ్నల్‌ను ఒక స్థిరమైన ఫ్రీక్వెన్సీకి మార్చిన చోట) సిగ్నల్‌ను కొంత పక్కకు తీసి, విడిగా యాంప్లిఫై చేసి, డయోడ్‌తో రెక్టిఫై చేశారు (ఒకే దిశ వోల్టేజ్‌గా మార్చారు). పల్స్ వచ్చిన క్షణంలో పుట్టే ఆ వోల్టేజే యాంప్లిఫయర్ ట్యూబ్‌ను కాసేపు మూసేస్తుంది. ఆ సర్క్యూట్‌ను పెట్టిన చోటు ముఖ్యం: క్రిస్టల్ ఫిల్టర్‌కు ముందు. సన్నని ఫిల్టర్‌ను అందరికీ అలవాటు చేసిన మనిషే, దాని దాకా పల్స్‌ను రానివ్వకూడదని తేల్చారు.

ఆ చోటు ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక మైక్రోసెకను పల్స్ 3 కిలోహెర్ట్జ్ ఫిల్టర్ గుండా వెళితే దాదాపు మిల్లీసెకనులో మూడో వంతు దాకా సాగుతుంది. అంటే మూడొందల రెట్లు పైగా. ఎత్తు తగ్గుతుంది, పొడవు పెరుగుతుంది. ఇప్పుడు సెకనుకు పదివేల పల్స్‌లు వస్తున్నాయనుకోండి. ఫిల్టర్‌కు ముందు వాటి మధ్య 0.1 మిల్లీసెకను ఎడం ఉంటుంది, నూటికి 99 వంతుల కాలం ఖాళీయే. ఫిల్టర్ దాటాక ఒకదాని మీద ఒకటి పడి, మామూలు హిస్ లాగే కనిపిస్తాయి. అప్పుడు ఏది పల్సో, ఏది నేపథ్య నాయిసో ఎంత తెలివైన కోడ్ అయినా విడదీయలేదు. పల్స్‌కు ఉన్న గుర్తు దాని ఎత్తు, దాని కురచదనం. సన్నని ఫిల్టర్ చెరిపేసేది సరిగ్గా ఆ గుర్తునే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇంత స్పష్టమైన విషయం మరుగున ఎలా పడింది? సిగ్నల్ ప్రాసెసింగ్ చిప్‌లు రిసీవర్లలోకి వచ్చిన తొలి రోజుల్లో ఏడీసీల (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే కన్వర్టర్ల) వేగం తక్కువ. అందుకే వాటిని అనలాగ్ ఫిల్టర్లన్నీ అయ్యాక చివర్లో కూర్చోబెట్టారు. నాయిస్ తగ్గించే కోడ్ కూడా అక్కడే చేరింది. కన్వర్టర్ల వేగం పెరిగింది గానీ ఆ అలవాటు చాలా డిజైన్లలో అలాగే ఉండిపోయింది.

సాఫ్ట్‌వేర్ పక్షం వాదనలోనూ బలముంది. సెకనుకు కోటికి పైగా శాంపిళ్లు తీసే కన్వర్టర్ ఉంటే, బ్యాండ్‌విడ్త్ తగ్గించకముందే కోడ్‌తో పల్స్‌ను పట్టొచ్చు. పైగా అనలాగ్ బ్లాంకర్ (లాంబ్ సర్క్యూట్‌లా పల్స్ రాగానే సిగ్నల్‌ను కాసేపు మూసే గేటు) మొరటుది. పక్కన బలమైన స్టేషన్ ఉంటే దాన్నే పల్స్ అనుకుని గేటు వేసేస్తుంది, వినే సిగ్నల్ చెదిరిపోతుంది. 1976 నుంచి 1989 దాకా షార్ట్‌వేవ్‌లో సెకనుకు పదిసార్లు టకటకలాడిన సోవియట్ దుగా రాడార్ పల్స్‌లు ఇగ్నిషన్ స్పార్క్‌ల కంటే చాలా పొడవు. కురచ స్పార్క్‌ల కోసం చేసిన బ్లాంకర్లు వాటి ముందు చేతులెత్తేశాయి.

కానీ అనలాగ్ అంటే ఆ పాత గేటే అనుకోవడం అన్యాయం. కారు ఎఫ్‌ఎం రేడియోల కోసం ఫిలిప్స్ చేసిన టీడీఏ1001 చిప్ సిగ్నల్‌ను ఫిల్టర్‌తో కాస్త ఆలస్యం చేసి, పల్స్ గేటును చేరకముందే దాన్ని మూసి, అంతకుముందున్న వోల్టేజ్‌ను కెపాసిటర్‌లో నిలిపి ఉంచుతుంది. చెవికి నిశ్శబ్దపు గుంట తగలదు. 2010 తర్వాత అలెక్సీ నికితిన్, ఆయన సహచరులు ఇంకా ముందుకు వెళ్లారు. వాళ్ల ఫిల్టర్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ తేడా హద్దులో ఉన్నంతసేపు అది మామూలు లో-పాస్ (తక్కువ ఫ్రీక్వెన్సీలను మాత్రమే వదిలే) ఫిల్టరే. తేడా హద్దు దాటగానే టైమ్ కాన్‌స్టంట్ (ఫిల్టర్ స్పందించడానికి పట్టే సమయం) పెరిగిపోతుంది, అవుట్‌పుట్ దాదాపు కదలదు. పల్స్‌లు లేనప్పుడు సిగ్నల్‌కు ఏ హానీ లేదు. నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది. ఎందుకంటే కన్వర్టర్ ఒకసారి సాచురేట్ అయితే (కొలవగల హద్దు దాటిపోతే) పోయిన సమాచారాన్ని ఏ కోడూ తిరిగి తేలేదు.

ఈ వాదనలో ఎవరూ పెద్దగా ఎత్తని కోణం కొలతలది. రేడియో అంతరాయాల ప్రమాణాల కోసం 1934లో ఏర్పడిన సీఐఎస్‌పీఆర్ అనే అంతర్జాతీయ కమిటీ పద్ధతిలోని క్వాసీ-పీక్ డిటెక్టర్ 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఒక మిల్లీసెకనులో చార్జ్ అయి, 160 మిల్లీసెకన్లలో డిశ్చార్జ్ అవుతుంది. రేడియో వినే మనిషికి ఎంత చికాకు కలుగుతుందో తూచడానికి పుట్టిన పద్ధతి అది. డేటా లింకులో ఎన్ని బిట్లు పోతాయో అది చెప్పదు. పరీక్ష పాసైన పరికరం పక్కనే మరో పరికరం తప్పులు చేయడం ఇందుకే సాధ్యం.

ఇక సెన్సర్లలో ఎక్కువగా వాడే డెల్టా-సిగ్మా కన్వర్టర్ల (చాలా వేగంగా శాంపిళ్లు తీసి, తర్వాత డిజిటల్ ఫిల్టర్‌తో అంకెలిచ్చే రకం) సంగతి. వాటి లోపల మాడ్యులేటర్ అనే తొలి దశలో బిట్ ధార చాలా వేగంగా పరిగెడుతుంది. బ్యాండ్‌విడ్త్ ఇంకా తగ్గని ఆ చోట పల్స్‌ను పట్టే వీలుంది. కానీ చాలా చిప్‌లు డిజిటల్ ఫిల్టర్ దాటిన ఫలితాన్నే బయటికిస్తాయి. మాడ్యులేటర్ ధారను నేరుగా ఇచ్చే చిప్‌లు మార్కెట్లో ఉన్నాయి. మోటార్ల పక్కన పెట్టే బోర్డు డిజైన్ చేసేవాళ్లు ముందుగా చూడాల్సింది వాటినే.