ఆటలో సిపాయికి ఆకలెయ్యదు

వింజమూరు

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

మీరు పొద్దస్తమానం కంప్యూటర్లో కోటలు పడగొడుతున్నారనీ, నన్ను నాలుగు చీవాట్లు పెట్టమనీ మీ అమ్మ ఫోన్ చేసింది. చీవాట్లు ఆమే పెట్టుకుంటుంది గానీ, నాకు మాత్రం ఆ ఆట మీద సదభిప్రాయమే. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండో భాగం 1999లో వచ్చింది. సలాదీన్, చెంగిజ్ ఖాన్ ఎవరో మార్కుల కోసం కాకుండా తెలుసుకునే వీలు పిల్లలకు అక్కడ దొరికింది. 2022లో రాజేంద్ర చోళుడితో సహా మన దక్షిణాది వాళ్లూ అందులో చేరారు.

మొన్న చిన్నోడు ఫోన్లో అడిగాడు కదా, ఆటలో ద్రవిడుల సైన్యంలో నైట్లు ఎందుకు లేరని. నైట్ అంటే కవచం తొడిగిన గుర్రపు రౌతు. పాఠం చదివి ఎవరూ నన్ను ఇలాంటి ప్రశ్న అడగలేదురా! మన దక్షిణాదిలో మేలుజాతి గుర్రాలకు కరువు. విజయనగర రాజులు అరేబియా, పర్షియాల నుంచి వచ్చిన గుర్రాలను గోవాలో పోర్చుగీసు వాళ్ల దగ్గర కొనేవాళ్లు. ఆ వ్యాపారం మీద వచ్చినవాడే నూనిజ్ అనే పోర్చుగీసు ఆయన. మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట ముట్టడి గురించి రాసిపెట్టింది ఆయనే.

మీ ఆటలో రాళ్లు విసిరే ట్రెబుషేలు నాలుగు తెచ్చి నిలబెడితే కోట నిమిషాల్లో కూలిపోతుంది. కృష్ణదేవరాయలు 1513లో ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరిని చుట్టుముట్టి, దాదాపు ఏడాదిన్నర కింద కాచుకుని కూర్చోవాల్సి వచ్చింది. కొండ సుమారు 3,000 అడుగుల ఎత్తు. పైకి ఒక్కటే దారి, అదీ ఒకరి వెనక ఒకరు తప్ప నడవలేనంత ఇరుకు అంటాడు నూనిజ్. రాయలు గుట్టలు తొలిపించి, బండలు పగలగొట్టించి వెడల్పాటి దారులు వేయించాడట. పైన 10,000 కాల్బలం, 400 గుర్రాలు ఉన్నాయనీ, తిండి అందకుండా మాడిస్తే తప్ప ఆ కోట లొంగదనీ కూడా రాశాడు. ఆయన రాసింది ఇరవై ఏళ్ల తర్వాత, విన్న సంగతులు. కాబట్టి అంకెలను మరీ గట్టిగా పట్టుకోకండి.

ఇక్కడే మీ ఆట బోల్తా పడింది. సిపాయిని తయారుచేసేటప్పుడు మాత్రం తిండి ఖర్చవుతుంది. ఆ తర్వాత వాడు ముద్ద అడగడు. ఉదయగిరిలో పైన ఉన్నవాళ్లు రోజూ తినాలి, కింద రాయల సేనా తినాలి. చుట్టూ ఉన్నదేమో మెట్ట, పెన్న కింద మాగాణి దూరం. మరి అన్ని నెలల ధాన్యం ఎవరి గాదెల్లోంచి వచ్చింది? ఎవరి ఎడ్లు మోశాయి? ఏ రైతు వద్దనగలడు? ఆట ఎక్కడ బొంకిందో పట్టుకోవడం గెలవడం కంటే మజాగా ఉంటుంది. మీరూ పట్టుకుని నాకు రాయండి.

రాయలు ఉదయగిరి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. మీ అమ్మ ఈసారి బట్టలకని చెన్నై వెళ్తే వెంటపడండి.

ఎండలు తగ్గాక ఉదయగిరి పోదాం. నా మోకాళ్లు సహకరించవు, నేను కిందే కూర్చుంటా. అంతమందికి పైన నీళ్లు ఎక్కడ దొరికేవో మీరు ఎక్కి, వెతికి చెప్పండి.

ఉంటాను,
మీ తాత