సీటు వస్తుందా పెద్దమ్మా, అని అడిగిన పిల్లలకు

చిన్నా, బుజ్జీ, మన ఇళ్ళల్లో పరీక్షలకి చదువుతున్న మిగతా పిల్లలూ,

మీరిద్దరూ ఫోన్‌లో అడిగింది ఒకటే ప్రశ్న. టెన్త్‌లో ఉన్న చిన్నాకి ఒంగోలు ట్రిపుల్ ఐటీ కావాలి, నెల్లూరు హాస్టల్లో ఇంటర్ సెకండియర్ చదువుతున్న బుజ్జికి ఐఐటీ కావాలి, ఇద్దరికీ "ఛాన్స్ ఎంత పెద్దమ్మా" అన్నది తేలాలి. ఫోన్‌లో తెగే సంగతి కాదు, అందుకే రాస్తున్నా. లెక్కలు చెప్పి బతికినదాన్ని, లెక్కలతోనే చెప్తా, విసుక్కోకుండా చదవండి.

ముందు ఆ ఫ్లెక్సీల సంగతి చూద్దాం. రిజల్ట్స్ వచ్చిన మర్నాటికల్లా నెల్లూరులో, ఒంగోలులో ఏ సెంటర్లో చూసినా పిల్లల మొహాలూ ర్యాంకులే. ఈసారి బస్సులోంచి కాకుండా దగ్గరికెళ్ళి చదవండి. 1, 4, 9 అని మనిషంత అంకెలు ఉంటాయి, అది ఏ కేటగిరీలో వచ్చిన ర్యాంకో మాత్రం మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఎంతమంది రాస్తే ఇంతమందికి వచ్చిందన్నది అసలుండదు. భిన్నంలో లవం వేసి హారం దాచేస్తే దాన్ని ఏం చేసుకుంటాం? మీ ఛాన్స్ గురించి ఆ ఫ్లెక్సీ మీకు ఏమీ చెప్పదు, మీ నాన్నల్ని మాత్రం కంగారు పెడుతుంది.

సరే బుజ్జీ, హారం నేను చెప్తా. ఐఐటీకి మొదటి మెట్టు పరీక్ష జేఈఈ మెయిన్, అది రాసేవాళ్ళు ఈ మధ్య ఏటా 14 లక్షల పైచిలుకు. అందులోంచి రెండో మెట్టు పరీక్ష అడ్వాన్స్‌డ్‌కి రెండున్నర లక్షల మందిని తీసుకుంటారు, వాళ్ళలోనూ అందరూ రాయరు, రాసేది సుమారు లక్షా ఎనభై వేలమంది. 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 18 వేల చిల్లర. అంటే మెయిన్ రాసినవాళ్ళలో నూటికి ఒకరు, అడ్వాన్స్‌డ్ రాసినవాళ్ళలో పదికి ఒకరు. ఇది చదివి అప్పుడే డీలా పడిపోకు, ఎందుకంటే "నూటికి ఒకరు" అన్నది గుంపు లెక్క, నీ లెక్క కాదు. ఆ 14 లక్షల్లో నాన్న ఫీజు కట్టాడని ఊరికే వెళ్ళి కూర్చునేవాళ్ళున్నారు, పొద్దున ఐదింటికి లేచి స్టడీ అవర్‌లో కూర్చునేవాళ్ళూ ఉన్నారు, చీటీలు తీసి సీట్లిస్తే కదా అందరికీ ఒకే ఛాన్స్ ఉండేది!

మరి నీ లెక్క ఎట్టా తెలుస్తుంది? నీ వీకెండ్ టెస్టుల్లోనే ఉంది. కాకపోతే అందరూ చేసేది ఏందంటే, ఎప్పుడో ఒక ఆదివారం పేపర్ తేలిగ్గా వచ్చి 190 పడితే అదే తన అసలు స్కోరు అనుకుంటారు, మిగతా వారాలన్నిటికీ జ్వరమనో టైమ్ చాల్లేదనో ఒక సాకు ఉంటుంది. నువ్వు అట్టా చేయొద్దు. చివరి ఏడు ఫుల్ టెస్టులు తీసుకో, మార్కులు చిన్న నుంచి పెద్దకి వరసగా రాయి, సరిగ్గా మధ్యలో వచ్చేది నీ స్కోరు. పై రెండూ నీ కల, కింది రెండూ నీ భయం, వాటిని వదిలెయ్. మీ హాస్టల్లో ఇచ్చే ర్యాంకు కూడా పట్టించుకోకు, అది ఆ క్యాంపస్ పిల్లల మధ్య ర్యాంకు అంతే.

మెయిన్ జనవరి సెషన్ రాశాక పర్సంటైల్ వస్తుంది, దాన్ని మార్కుల శాతం అనుకుని ఇళ్ళల్లో గొడవలు పడుతుంటారు. 96.4 వచ్చిందనుకో, 96 మార్కులని కాదు, నీకంటే పైన 3.6 శాతం మంది ఉన్నారని. 14 లక్షల్లో 3.6 శాతం అంటే 50,400. నీ ర్యాంకు ఆ చుట్టుపక్కల. 99 వచ్చినా 14 వేల దగ్గర ఉంటావు. అడ్వాన్స్‌డ్‌కి జనరల్ కటాఫ్ 2024లో 93.23, 2025లో 93.10, కాబట్టి 96.4తో గేటు లోపలికి వెళ్తావు, లోపల మళ్ళీ కొత్త పరీక్ష, కొత్త ర్యాంకు. మెయిన్ ర్యాంకుతో వచ్చేవి ఎన్ఐటీలు, అవీ కేంద్రం నడిపే ఇంజినీరింగ్ కాలేజీలే. వాటిలో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకి, అంటే తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సగం మన పిల్లలకే. ఐఐటీల్లో ఆ లెక్క లేదు, ఏర్పేడు దగ్గరున్న తిరుపతి ఐఐటీ మనకి ఎంత దగ్గరైనా బీహార్ పిల్లాడికీ నీకూ అక్కడ ఒకటే రూలు.

ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే జోసా వెబ్‌సైట్లో ఏ కాలేజీ ఏ బ్రాంచి ఎంత ర్యాంకు దగ్గర మూసుకుందో ఏటా పెడతారు. దాన్ని క్లోజింగ్ ర్యాంకు అంటారు. మూడేళ్ళవి పక్కపక్కన రాసుకుని, మూడింట్లో ఏది చిన్న అంకె అయితే దానితో పోల్చుకో, పెద్ద అంకె చూసి సంబరపడొద్దు. కంప్యూటర్స్ ముందు మూసుకుంటుంది, సివిల్, మెటలర్జీల దాకా వచ్చేసరికి ర్యాంకు బాగా కిందికి జారుతుంది. ఆడపిల్లలకి విడిగా ఉన్న వరసే చూడు. 2018 నుంచి ఐఐటీల్లో ఆడపిల్లల కోసం అదనంగా సీట్లు కలిపారు, మగపిల్లల సీట్లు కోసి ఇచ్చినవి కావు, కాబట్టి ఎవడన్నా దెప్పితే నువ్వు తలొంచుకోవాల్సిన పని లేదు.

ఇంకో మాట, ఇది మీ క్లాసులో చాలామందికి తట్టదు. మెయిన్, అడ్వాన్స్‌డ్, మన రాష్ట్రం ఎంట్రన్స్ ఈఏపీసెట్, బిట్స్ కాలేజీల ఎంట్రన్స్ బిట్‌శాట్ నాలుగూ రాస్తున్నా కాబట్టి నాలుగు ఛాన్సులు అనుకుంటారు. నీకు ఫిజిక్స్‌లో రొటేషన్ రాకపోతే నాలుగు పరీక్షల్లోనూ రాదు కదమ్మా! ఒకదానిలో దెబ్బకొట్టిందే మిగతా వాటిల్లోనూ కొడుతుంది. నాలుగు ఫీజులు కట్టడం కంటే ఆ ఒక్క చాప్టర్ మీద పదిరోజులు కూర్చోవడం వల్ల ఛాన్స్ ఎక్కువ పెరుగుతుంది, ఈ ముక్క నీకు ఏ బ్రోచర్లోనూ కనపడదు. అట్టాగని ఇంటర్ పరీక్షల్ని గాలికొదలొద్దు, ఎన్ఐటీకైనా ఐఐటీకైనా ఇంటర్‌లో 75 శాతం గానీ బోర్డులో టాప్ 20 పర్సంటైల్ గానీ ఉండాలి.

చిన్నా, నీది చాలా తేలిక లెక్క, ఎంట్రన్స్ లేదు. 2008లో ఈ ట్రిపుల్ ఐటీలను నడిపే యూనివర్సిటీ ఆర్జీయూకేటీ పెట్టిందే పల్లెటూరి పిల్లల కోసం, ఒంగోలు క్యాంపస్ 2016లో వచ్చింది, టెన్త్ మార్కుల మీదే తీసుకుంటారు, ఆరేళ్ళ చదువు. నువ్వు సింగరాయకొండలో గవర్నమెంట్ స్కూలు కాబట్టి 4 శాతం డిప్రివేషన్ స్కోరు, అంటే సౌకర్యాలు తక్కువున్న చోట చదివినందుకు ఇచ్చే అదనపు మార్కులు, కలుస్తుంది. మార్కులు సమానమైతే ముందు లెక్కల్లో ఎవరికెక్కువో చూస్తారు. సోషల్‌లో అటూ ఇటూ అయినా, లెక్కల్లో స్టెప్పులు మింగేసి మార్కులు పోగొట్టుకున్నావో, నా చేతిలో అయిపోతావు.

రాకపోతే? దీని గురించి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడరు, అదేదో అపశకునం అన్నట్టు. నేనైతే పరీక్షకి ముందే మాట్లాడుకోమంటా. బుజ్జీ, అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్ళే రాయనిస్తారు. ఇంకో ఏడాది కూర్చోవాలా వద్దా అన్నది రిజల్ట్ వచ్చిన రాత్రి ఏడుస్తూ తేల్చే విషయం కాదు. నీ మధ్య స్కోరు జూన్ నుంచి డిసెంబరుకి పెరుగుతూ వచ్చి ఉంటే ఇంకో ఏడాదికి అర్థముంది, ఆర్నెల్లుగా అక్కడే ఉంటే నన్నడిగితే వద్దంటా, ఈఏపీసెట్‌లో వచ్చిన మంచి కాలేజీలో చేరమంటా. మీ నాన్న ఒప్పుకోకపోవచ్చు. ఆయనతో నేను మాట్లాడతా, చిన్నప్పుడు ఆయన ప్రోగ్రెస్ కార్డులు నేనూ చూశాను.

ఈఏపీసెట్‌లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకి. నెల్లూరు ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం కిందికి వస్తుంది, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం కిందికి. ఎక్కడ పుట్టారన్నది కాకుండా ఎక్కడ చదివారన్నది చూస్తారు, కాబట్టి టెన్త్ దాకా ప్రకాశం జిల్లా సింగరాయకొండలోనూ ఇంటర్ నెల్లూరులోనూ చదివిన నువ్వు, బుజ్జీ, ఏ ప్రాంతం కిందికి వస్తావో ఇప్పుడే మీ కాలేజీలో అడిగి తెలుసుకో. ఆరు నుంచి టెన్త్ దాకా స్టడీ సర్టిఫికెట్లు సంక్రాంతికి ఊరొచ్చినప్పుడే హెచ్ఎం గారి దగ్గర సంతకం పెట్టించి తెచ్చుకో. మేలో అయితే స్కూలు ఆఫీసులో ఎవరూ దొరకరు, అప్పుడు ఆయన ఇంటి చుట్టూ మీ నాన్న తిరగాలి.

మీ పెద్దమ్మ