చెరువు బాగు చేసే డబ్బు ఎవరిది?

తెలంగాణ ప్రభుత్వం చెరువుల్ని బాగు చేయడానికి పెట్టిన మిషన్ కాకతీయ అంటే 2015లో పుట్టిన ఆలోచన అనుకుంటాం గానీ, చెరువు మీద పెట్టిన డబ్బు పొలంలో తిరిగొస్తుందన్న లెక్క మనవాళ్లకి చాలా పాతది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టించిన కాకతీయుల కాలంవాళ్లు ఒక్క పుణ్యం కోసమే కట్టించలేదు, కట్ట కింద వరి పండితే ఖజానాకి పన్ను వస్తుంది. చెరువు కట్టించి బాగోగులు చూసేవాడికి దశబంధం అనే పద్ధతి కింద మాన్యం (ఇనాం భూమి), తూము దగ్గర నీళ్లు వదిలే నీరటికి పంటలో మేర, అంటే వాటా. అంటే మరమ్మతు ఖర్చు చాలావరకు ఆ చెరువు కింద పండిన దాంట్లోంచే వెళ్లేది.

ఇదంతా ఒక్కరోజులో చెడలేదు. మాన్యాలు పోయాయి, చెరువులు సర్కారు శాఖల చేతికి వెళ్లాయి, నిధులన్నీ పెద్ద ప్రాజెక్టుల వైపు పోతుంటే ఊరి చెరువు గుర్తొచ్చేది కట్ట తెగినప్పుడే. ఈలోగా బోర్లు వచ్చాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు కూడా వచ్చాక చెరువు గురించి అడిగేవాళ్లు ఇంకా తగ్గారు. తమాషా ఏంటంటే, చెరువు పూడిపోతే నీళ్లు ఇంకవు, బోరూ ఎండుతుంది, దాని కోసం చేసిన అప్పు మాత్రం ఎండదు.

2015 మార్చి 12న కామారెడ్డి దగ్గరి సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ పథకం 46 వేలకు పైగా చెరువుల్ని దశలవారీగా బాగు చేస్తామంది. నీతి ఆయోగ్ దీనికి 5 వేల కోట్లు ఇమ్మని సిఫారసు చేసింది, కేంద్రం ఇవ్వలేదు. ఇందులో నాకు నచ్చింది పూడిక మట్టి సంగతి. తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, ట్రాక్టర్ కిరాయి రైతుది. ఒండ్రు తోలిన చేను తేమని ఎక్కువ రోజులు పట్టుకుంటుంది, ఎరువు బస్తాలు తగ్గుతాయి, ఆ లెక్క తెలుసు కాబట్టే జనం సొంత డబ్బు పెట్టి మరీ తోలుకున్నారు. నీళ్లు నిలిచిన చోట చేపలు పెరిగి మత్స్యకార సంఘాలకీ నాలుగు డబ్బులొచ్చాయి.

కాకపోతే పూడిక ఏటా వస్తుంది. ఒకసారి పెద్ద మొత్తం విడుదల చేయడం ఏ ప్రభుత్వానికైనా సులువు, ఫొటో కూడా బాగా వస్తుంది. అలుగు మీద మొలిచిన తుమ్మ మొక్క పీకడానికి, తూము తలుపు చూసుకోవడానికి కావాల్సింది చిన్న మొత్తమే, కానీ ప్రతి ఏడూ కావాలి. నీరటికి మేర ఇచ్చింది అందుకే.