పెళ్లి క్యాసెట్‌లో నలుపు ఎందుకు వెలిసింది?

విజయనగరం మూడు లాంతర్ల చుట్టుపక్కల స్టూడియోల్లో పాత పెళ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పని ఇంకా దొరుకుతూనే ఉంది. తీరా ఇంటికెళ్లి చూస్తే పెళ్లికూతురి జడ బూడిదరంగులో ఉంటుంది. అడిగితే టేపు పాతదండీ అంటారు. టేపులు పాడవుతాయి, నిజమే. కానీ చాలాసార్లు అసలు తిరకాసు నలుపు ఎక్కడ మొదలవాలన్న లెక్కలోనే ఉంటుంది.

అమెరికా టీవీ సిగ్నల్ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో నలుపును సున్నా దగ్గర కాకుండా 7.5 యూనిట్ల ఎత్తున పెట్టారు. పిక్చర్ ట్యూబులో కిరణం వెనక్కి మళ్లేటప్పుడు గీతలు పడకుండా అదొక జాగ్రత్త. జపాన్ ఎన్‌టీఎస్‌సీలో, మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ (PAL)లో ఆ ఎత్తు లేదు. అమెరికా చుట్టాలు పంపిన క్యాసెట్‌ను ఆ ఎత్తు తీసెయ్యకుండా ఎక్కిస్తే నలుపు వెలుస్తుంది. మన క్యాసెట్‌కు లేని ఎత్తును తీసేస్తే నీడలన్నీ మసి.

మన దూరదర్శన్‌కు రంగులొచ్చిన 1982లోనే డిజిటల్ వీడియోకు సీసీఐఆర్ 601 ప్రమాణం వచ్చింది. 0 నుంచి 255 దాకా అంకెలున్నా నలుపును 16కి, తెలుపును 235కి కట్టారు. సిగ్నల్ కాస్త అటూఇటూ ఎగిరినా తెగిపోకుండా ఆ ఖాళీ. 0, 255 మాత్రం సింక్ కోసం, అంటే గీత ఎక్కడ మొదలో ఎక్కడ చివరో చెప్పే గుర్తుల కోసం. కంప్యూటర్ బొమ్మలకేమో 0 నలుపు, 255 తెలుపు. సాఫ్ట్‌వేర్‌లో ‘లిమిటెడ్’, ‘ఫుల్’ అని కనిపించేది ఈ తేడాయే.

16–235ను 0–255 దాకా సాగదీసే పనిని టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డు ఒకసారి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇంకోసారి చేస్తే అసలు నష్టం. అసలు వీడియోలో 30 లోపు ఉన్నదంతా కటిక నలుపు, 218 దాటినదంతా తెలుపు అయిపోతుంది. మధుపర్కాల మడతలు, తలంబ్రాల గింజలు ఉండేది సరిగ్గా ఆ పైమెట్టులోనే! వెలిసిన నలుపును తర్వాతైనా దించుకోవచ్చు. తెగిపోయిన మడతను ఏ ఫిల్టరూ తేలేదు.

ఈ తేడాకు హెచ్‌డీ మీద నింద వేయడం మాత్రం అన్యాయం. హెచ్‌డీ కోసం వచ్చిన 1990 నాటి 709 ప్రమాణం రంగుల లెక్క మార్చింది కానీ 16, 235లను ముట్టుకోలేదు. అంకెలు ఇంకా ఎక్కువగా ఉండే 10 బిట్ వీడియోలో అవే 64, 940.

అందుకే స్టూడియోవాళ్లను కరెక్షన్లేవీ చెయ్యని ఫైలు కూడా అడిగి తీసుకోవాలి. జడ, పంచె సరిగ్గా ఉన్నాయని చూసుకునేదాకా క్యాసెట్‌ను పాతసామాన్లకు వెయ్యకండి.