పగులు పూడ్చే బ్యాక్టీరియా

కాంక్రీటు పగలకుండా ఉండదు. ఎంత కొలత ప్రకారం కలిపినా, ఎన్నాళ్లు క్యూరింగ్ చేసినా, ఆరేకొద్దీ కుంచించుకుపోయో బరువుకు సాగో ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి చీలిక వస్తుంది. ఇంజినీర్లకు ఇది తెలియని సంగతి కాదు. సాధారణ కట్టడాల్లో 0.3 మిల్లీమీటర్ల దాకా పగుళ్లను డిజైన్‌లోనే లెక్కలోకి తీసుకుంటారు.

పగులుతో కట్టడం కూలిపోదు. భయమంతా అందులోంచి దిగే నీటి గురించే. ఉప్పునో ఆక్సిజన్‌నో వెంటబెట్టుకుని అది కాంక్రీటు లోపలి ఇనుప చువ్వల దాకా చేరిందంటే తుప్పు మొదలవుతుంది. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. అది లోపలి నుంచి నెట్టి పెచ్చులు ఊడగొడుతుంది, దాంతో ఇంకా ఎక్కువ నీరు దిగుతుంది.

ఆ నీటినే మేల్కొలుపుగా వాడుకోవచ్చని నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త హెంక్ యోంకర్స్ భావించారు. 2006 ప్రాంతంలో ఆయన మొదలుపెట్టిన పని, సున్నపురాయిని తయారుచేసే బ్యాక్టీరియాను ముందే కాంక్రీటులో కలిపి ఉంచడం.

తాజా కాంక్రీటు పీహెచ్ 12 దాటుతుంది. ఆ క్షారంలో చాలా జీవులు బతకవు. సోడా సరస్సుల లాంటి క్షార ప్రదేశాలకు అలవాటుపడిన బాసిల్లస్ జాతులు మాత్రం తట్టుకుంటాయి. పరిస్థితులు బాగోలేనప్పుడు ఇవి గట్టి పొరతో సిద్ధబీజాలుగా మారిపోయి, తిండీ నీరూ లేకుండా దశాబ్దాలు పడి ఉండగలవు.

బ్యాక్టీరియాకు తిండి ఎంపిక కూడా తేలిక కాలేదు. చక్కెర కలిపితే సిమెంటు సరిగా గట్టిపడదు. చివరికి లాక్టిక్ ఆమ్లపు కాల్షియం లవణమైన కాల్షియం లాక్టేట్ కుదిరింది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి వచ్చింది. సిద్ధబీజాలను నేరుగా కలిపితే కొన్ని నెలలకే చచ్చిపోయేవి. సిమెంటు గట్టిపడేకొద్దీ లోపలి రంధ్రాలు ఒక మైక్రాన్ కంటే చిన్నవైపోతాయి, సిద్ధబీజం పరిమాణమూ దాదాపు అంతే. పాపం, నలిగిపోయేవి! బొరియలున్న తేలికపాటి కాల్చిన మట్టి గుళికల్లో బీజాలనూ ఆహారాన్నీ నింపడంతో ఆ చిక్కు తీరింది. నా దృష్టిలో ఈ పరిశోధన మొత్తంలో అసలైన విజయం ఇదే.

ఇక పగులు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. చీలిక దారిలో ఉన్న గుళిక విరుగుతుంది. నీరు తగలగానే బీజం మొలకెత్తి, ఆక్సిజన్ పీల్చుకుంటూ లాక్టేట్‌ను తింటుంది. ఒక్కో కాల్షియం లాక్టేట్ అణువు నుంచి ఒక కాల్షియం కార్బొనేట్ (పగులును పూడ్చే సున్నపురాయి ఇదే) అణువు, ఐదు కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి. ఆ ఐదూ వృథా పోవు. కాంక్రీటులో ఉన్న సున్నంతో కలిసి మరో ఐదు కార్బొనేట్ అణువులు అవుతాయి. అంటే ఒకటి తింటే ఆరు! పైగా చువ్వల దాకా పోవలసిన ఆక్సిజన్‌ను కూడా దారిలోనే బ్యాక్టీరియా వాడేసుకుంటుంది.

మామూలు కాంక్రీటుకూ కొంత మానే గుణం ఉంది. నీరు అందక మిగిలిపోయిన సిమెంటు రేణువులు తడి తగిలినప్పుడు గట్టిపడి సన్నని చీలికలను పూడుస్తాయి. ఈ రెంటినీ పోల్చి 2011లో ప్రచురించిన డెల్ఫ్ట్ ప్రయోగంలో, 100 రోజులు నీటిలో ఉంచాక మామూలు కాంక్రీటులో 0.18 మిల్లీమీటర్ల వరకు పగుళ్లు పూడితే, బ్యాక్టీరియా ఉన్నదాంట్లో 0.46 మిల్లీమీటర్ల వరకు పూడాయి.

ఇబ్బందులు లేకపోలేదు. కంకర స్థానంలో మట్టి గుళికలు ఎక్కువైతే బలం తగ్గుతుంది, ఖర్చూ పెరుగుతుంది. నీరు తగలని పగులులో బీజాలు మేల్కోనే మేల్కోవు. వాహనాల కదలికకు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పగులులో పూడిక నిలవడం కష్టం. లాక్టేట్ తినేవాటికి బదులు యూరియాను విడగొట్టే బ్యాక్టీరియాతో వేగంగా పని జరుగుతుంది కానీ అమ్మోనియా మిగులుతుంది, దాన్ని వదిలించుకోవడం మరో తలనొప్పి.

అందుకే ప్రతి గోడకూ దీన్ని వాడాలనడం నాకు సరిగా అనిపించదు. సొరంగాలు, నేలమాళిగలు, నీటి ట్యాంకులు, సముద్రపు కట్టడాలు వేరు. అక్కడ తడి ఎప్పుడూ ఉంటుంది, మనిషి వెళ్లి రిపేరు చేయడమేమో చాలా ఖరీదైన పని. మొదట పెట్టిన అదనపు ఖర్చు తిరిగి రాబట్టుకునే అవకాశం ఎక్కువగా ఉన్నది అలాంటి చోట్లే.