పదో మనిషి కోసం ఎదురుచూపు: అమెరికా యూదు వృద్ధాశ్రమాల్లో వాలంటీర్ల కథ

అమెరికాలో ఏదో ఒక ఊళ్ళో యూదు సంఘం నడిపే వృద్ధాశ్రమం ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్తోందని వార్త వస్తుంది. వెంటనే పాత గొడవ మళ్ళీ లేస్తుంది. నిర్వాహకులు లెక్కలు చూపిస్తారు. ఏటా నష్టమే, ఇక మా వల్ల కాదంటారు. లోపల ఉన్నవాళ్ళ పిల్లలూ, ఏళ్ళ తరబడి అక్కడికి వచ్చిపోయే వాలంటీర్లూ ఇంకో మాట అంటారు. ఇది మా అమ్మమ్మలు చందాలు ఎత్తి కట్టిన ఇల్లు, అమ్మడానికి మీరెవరని అడుగుతారు. కోషర్ వంటగది, అంటే యూదు ఆహార నియమాల ప్రకారం నడిచే వంటగది, అలాగే ఉంచుతామని, గుమ్మాలకున్న మెజూజాలు, అంటే శాస్త్ర వాక్యాలు రాసి ఉంచే చిన్న పెట్టెలు, తీయబోమని కొనేవాళ్ళు మాట ఇస్తారు. గొడవ కొంచెం చల్లబడుతుంది. కొన్నాళ్ళకి ఇంకో ఊళ్ళో రాజుకుంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ వృద్ధాశ్రమాలు ఎక్కువగా నర్సింగ్ హోమ్‌లే. అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళో డాక్టర్‌గారు నడిపే ఇరవై మంచాల ఆసుపత్రి కాదు. లేవలేని, ఒంటరిగా బతకలేని పెద్దవాళ్ళు నెలలూ ఏళ్ళూ ఉండిపోయే చోటు. చాలామందికి అదే ఆఖరి ఇల్లు. యూదులు తూర్పు యూరప్ నుంచి ఎలా వలస వచ్చారో, న్యూయార్క్ ఇరుకు గదుల్లో ఎలా బతికారో చాలాసార్లు రాశారు, చదివాం. దాన్ని వదిలేసి, ఈ గొడవ అసలు దేని గురించో చూద్దాం. నా దృష్టిలో ఇది భవనం గురించీ కాదు, వంటగది గురించీ కాదు. పొద్దున్నే ఆ తలుపు తోసుకుని లోపలికి వచ్చే మనిషి గురించి.

ఆ మనిషి ఎవరో తెలియాలంటే ఒక ప్రార్థన గదిలోకి వెళ్ళాలి. యూదుల సామూహిక ప్రార్థనకి పదిమంది కావాలి. దాన్ని మిన్యాన్ అంటారు. సంప్రదాయవాదుల లెక్కలో పదమూడేళ్ళు దాటిన మగవాళ్ళు పదిమంది ఉండాలి. మిగతా శాఖలు చాలావరకు ఆడవాళ్ళనీ లెక్కలోకి తీసుకుంటాయి. తొమ్మిదిమందే ఉంటే కద్దిష్ చదవడానికి లేదు. కద్దిష్ అంటే చనిపోయినవాళ్ళ కోసం, సంప్రదాయంగా కొడుకులు, చదివే ప్రార్థన. తొంభై ఏళ్ళ పెద్దాయనకి ఆ రోజు వాళ్ళ నాన్న చనిపోయిన తిథి. యార్ట్‌సైట్ అంటారు, మన తద్దినం లాంటిది. నిన్న సాయంత్రం నుంచే ఆయనకి టెన్షన్. వృద్ధాశ్రమాల్లో ఆడవాళ్ళే ఎక్కువ. ఉన్న కొద్దిమంది మగవాళ్ళలో ఒకరికి జ్వరం, ఒకరు ఇంకా నిద్ర లేవలేదు. చక్రాల కుర్చీలు వరసగా పెట్టారు, లెక్క తొమ్మిది దగ్గర ఆగింది. అందరూ తలుపు వైపే చూస్తుంటారు. అప్పుడు చలికోటు విప్పుకుంటూ ఒకాయన లోపలికి వస్తాడు. ఆఫీసుకి వెళ్ళే ముందు అరగంట ఇక్కడ ఆగి వెళ్ళే మనిషి. ఆయన నర్సు కాదు, జీతగాడు కాదు, అక్కడ ఎవరికీ చుట్టం కాదు. పదో మనిషి, అంతే. ఆయన రాగానే ప్రార్థన మొదలవుతుంది. పెద్దాయన వణికే చేతులతో ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడి కద్దిష్ చదువుతాడు.

ఈ పదో మనిషి రాకని 2020 మార్చి 13న ఒక ప్రభుత్వ కాగితం ఆపేసింది. కరోనా మొదలైన రోజులు. వృద్ధులకీ పేదలకీ ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా పథకాలు మెడికేర్, మెడికెయిడ్. వాటిని చూసే కేంద్ర సంస్థ దేశంలోని నర్సింగ్ హోమ్‌లన్నిటికీ సూచనలు పంపింది. చివరి ఘడియల్లో ఉన్నవాళ్ళని చూడటానికి తప్ప ఎవరినీ రానివ్వకండి. అందరూ కలిసి భోంచెయ్యడం, గుంపుగా చేసే కార్యక్రమాలు రద్దు చెయ్యండి. అదే కాగితంలో ఇంకో వాక్యం ఉంది. వాలంటీర్లనీ, అత్యవసరం కాని సిబ్బందినీ ఆపండి అని రాసి, అలాంటి సిబ్బందికి ఉదాహరణగా జుట్టు కత్తిరించేవాళ్ళని చూపించారు. ఆ సమయంలో తలుపులు మూయడం తప్పని నేను అనను. ఆ జబ్బు అప్పటికే వాషింగ్టన్ రాష్ట్రంలోని కర్క్‌లాండ్ నర్సింగ్ హోమ్‌లో ప్రాణాలు తీస్తోంది. నన్ను ఆపింది ఆ వాక్యం. పదో మనిషిని క్షవరం చేసేవాడి పక్కన నిలబెట్టగలిగారంటే, ఆ పని ఆ ఒక్క రోజులో జరిగింది కాదు. ఇరవై ఆరు రోజుల తర్వాత, ఏప్రిల్ 8 సాయంత్రం, పాసోవర్ పండగ వచ్చింది. ఇంటిల్లిపాదీ ఒక బల్ల చుట్టూ కూర్చుని, అందరిలో చిన్నవాడు ప్రశ్నలు అడిగితే పెద్దవాళ్ళు జవాబు చెప్పే రాత్రి అది. ఆ రాత్రి నర్సింగ్ హోమ్‌ల్లో పెద్దవాళ్ళు ఎవరి గదుల్లో వాళ్ళు ఒక్కళ్ళే తిన్నారు.

చాలామంది ఈ కథని కరోనాతో మొదలుపెడతారు. వాలంటీర్లు అప్పుడు ఆగారు, మళ్ళీ పూర్తిగా రాలేదు, అందుకే హోమ్‌లు కళ తప్పాయంటారు. నా లెక్కలో మలుపు అక్కడ లేదు, 1965లో ఉంది.

ఆ ఏడాది జులై 30న, మిస్సోరి రాష్ట్రంలోని ఇండిపెండెన్స్‌లో, మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని లిండన్ జాన్సన్ ఒక చట్టం మీద సంతకం పెట్టారు. దానితోనే మెడికేర్, మెడికెయిడ్ వచ్చాయి. మెడికేర్ అరవై ఐదు దాటినవాళ్ళకి ఆరోగ్య బీమా. ఆసుపత్రి నుంచి నర్సింగ్ హోమ్‌కి వస్తే మహా అయితే వంద రోజుల ఖర్చు చూస్తుంది. ఆ తర్వాత కూడబెట్టుకున్నది కరిగిపోయాక ఆదుకునేది మెడికెయిడ్. ఇవాళ అమెరికా నర్సింగ్ హోమ్‌లలో ఉన్న ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా దాని మీదే ఆధారపడి ఉన్నారు.

అంతకు ముందు ఎలా ఉండేది? 1903లో బోస్టన్ డార్చెస్టర్ ప్రాంతంలో వృద్ధులకి ఒక ఇల్లు కావాలని పూనుకున్నది వలస వచ్చిన యూదు స్త్రీలు. 1912లో లాస్ ఏంజిలెస్ బాయిల్ హైట్స్‌లో సైమన్ లూయిస్ అనే ఆయన, ఇరుగుపొరుగువాళ్ళు కలిసి, పాసోవర్‌కి ఇల్లూ వాకిలీ లేని ఐదుగురికి చోటిచ్చారు. అదే తర్వాత అక్కడి పెద్ద వృద్ధాశ్రమమైంది. సరిహద్దు అవతల కెనడాలోని టొరొంటో కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎజ్రాస్ నోషెమ్ అని స్త్రీల సహాయ సంఘం ఒకటి ఉండేది. తమ పెద్దవాళ్ళు కోషర్ తిండి దొరకని, తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్ మాట్లాడేవాళ్ళు లేని చోట్ల పడి ఉన్నారని తెలిసి, ఆ ఆడవాళ్ళు గడప గడపకీ తిరిగి చిల్లర పోగుచేశారు. సెసిల్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు కొని 1918లో తెరిచారు. వంట వాళ్ళే వండారు, బట్టలు వాళ్ళే ఉతికారు, గదులు వాళ్ళే ఊడ్చారు. ఆ ఇల్లే పెరిగి పెరిగి ఇవాళ్టి బేక్రెస్ట్ అనే పెద్ద వృద్ధుల వైద్య కేంద్రం అయింది.

వీళ్ళని వాలంటీర్లు అంటే మాట చాలదు. సరుకులు ఎవరు తెస్తారు, చలికాలం బొగ్గుకి డబ్బెక్కడిది అన్న దిగులు కూడా వాళ్ళదే. వాళ్ళు రాకపోతే ఆ పూట పొయ్యి వెలగదు.

1965 తర్వాత అమెరికాలో ఆ దిగులు చేతులు మారింది. హోమ్ నడవడానికి కావలసిన డబ్బు గడపల నుంచి కాక దేశ రాజధాని వాషింగ్టన్ నుంచీ, రాష్ట్ర రాజధాని నుంచీ రావడం మొదలైంది. డబ్బుతో పాటు నిబంధనలూ, తనిఖీలూ, రికార్డులూ వచ్చాయి. వాటిలో మేలు చాలా ఉంది, దాన్ని కాదనలేం. చేతిలో పైసా లేని ముసలమ్మకి మంచం దొరికింది. 1987లో వచ్చిన నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం సహాయకులకి కనీసం 75 గంటల శిక్షణ ఉండాలంది. పెద్దవాళ్ళని సౌకర్యం కోసం కుర్చీలకి కట్టిపడెయ్యడం కుదరదంది. లోపల ఉన్నవాళ్ళు తమలో తాము సంఘంగా ఏర్పడే హక్కు ఇచ్చింది. అయితే ఇదంతా జరుగుతున్నప్పుడే, ఒకప్పుడు వంటగది నడిపిన మహిళా సంఘం గిఫ్ట్ షాపు నడిపే సంఘమైంది. వాలంటీర్‌కి ఐడీ కార్డు, క్షయ పరీక్ష, ఓరియెంటేషన్ క్లాసు వచ్చాయి. మిగిలిన పని బింగో ఆడించడం, పాటలు పాడించడం. అదే కాలంలో ఆడవాళ్ళు ఉద్యోగాలకి వెళ్ళడం పెరిగి, పగలు ఖాళీగా ఉండే చేతులు తగ్గాయి. 2020 నాటి వాక్యం రాసినవాళ్ళు కొత్తగా ఏం కనిపెట్టలేదు. యాభై అయిదేళ్ళుగా జరుగుతున్నదాన్ని కాగితం మీద పెట్టారు.

నిర్వాహకుల వాదన కూడా చెప్పాలి. మెడికెయిడ్ ఇచ్చే రోజువారీ రేటు అసలు ఖర్చుకి సరిపోదు. కోషర్ వంటగదికి పాలకీ మాంసానికీ వేరు వేరు గిన్నెలు, పాసోవర్‌కి మళ్ళీ ఇంకో సెట్టు, అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతున్నాయో లేదో చూసే మష్గియాహ్ జీతం, ఇవన్నీ అదనం. ఓపిక ఉన్న పెద్దవాళ్ళు కొద్దిపాటి సాయంతో తమ గదుల్లో తామే ఉండే అసిస్టెడ్ లివింగ్‌కి వెళ్తున్నారు, ఇక్కడికి వచ్చేవాళ్ళు బాగా జబ్బుపడ్డాకే వస్తున్నారు. పదిమంది వాలంటీర్లు వచ్చినంత మాత్రాన ఈ లోటు పూడదు. లెక్కగా చూస్తే ఇది నిజమే. కానీ వాలంటీర్లని లోటు పూడ్చమని ఎవరూ అడగడం లేదు. హోమ్ తమదని ఊరు అనుకోవడం మానేసిన రోజున దాని కోసం చందా ఇచ్చేవాళ్ళు కూడా తగ్గుతారు. చందాలు లెక్కల పుస్తకంలో వేరే పద్దు కింద ఉంటాయి కాబట్టి, ఊరు దూరమవడంతో వాటికున్న సంబంధం కనబడదు.

ఇంకో సంగతి ఈ గొడవలో దాదాపు ఎవరూ ఎత్తరు. లోపల ఉన్నవాళ్ళు కూడా వాలంటీర్లే. యూదు ధర్మంలో దానాన్ని ట్సెదాకా అంటారు. ట్సెదాకా మీద బతికే పేదవాడు కూడా తనకి వచ్చినదాంట్లోంచి ఇంకొకరికి ఇవ్వాలని వాళ్ళ శాస్త్రం. ఇచ్చే అవకాశం ఎవరికీ లేకుండా పోకూడదని అందులోని భావం. చెయ్యి సరిగ్గా ఆడని మనిషి కూడా పక్క గది ఆవిడకి ప్రార్థన పుస్తకంలో పేజీ తీసిపెట్టగలదు. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు దీపాలు పెట్టేటప్పుడు ఇది బాగా కనిపిస్తుంది. ఆక్సిజన్ సిలిండర్లు ఉండే చోట మంట వెలిగించనివ్వరు, అందుకని బ్యాటరీ కొవ్వొత్తులు పెడతారు. స్విచ్ నొక్కి, మూడుసార్లు చేతులు తన వైపు తిప్పుకుని, కళ్ళు మూసుకుని మంత్రం చెప్పే ఆవిడకి పక్కనున్నావిడ పేరు గుర్తుండకపోవచ్చు. మంత్రం మాత్రం ఒక్క అక్షరం పోదు. ఆవిడతో పాటు గొంతు కలిపే మనిషి కావాలి.

బోస్టన్‌వాళ్ళు దీని గురించి కొంచెం ముందుగా ఆలోచించారు. 1903 నాటి ఆ ఇంటికి వారసురాలైన హీబ్రూ సీనియర్‌లైఫ్ సంస్థ, 2009లో బోస్టన్ దగ్గరి డెడమ్‌లో న్యూబ్రిడ్జ్ అనే ఆవరణ తెరిచింది. మరుసటి ఏడాది అదే ఆవరణలోకి రాషీ స్కూల్ అనే యూదు బడి వచ్చింది. పిల్లలు పండగకి బస్సులో వచ్చి పాట పాడి వెళ్ళిపోయే చుట్టపుచూపు కాదది. బడి అక్కడే, పెద్దవాళ్ళూ అక్కడే. ఖర్చుతో కూడిన పని, ప్రతి ఊరికీ సాధ్యం కాదు. అయినా బయటి మనిషిని లోపలికి తేవడాన్ని వినోద కార్యక్రమంగా కాక భవనం ప్లానులోనే పెట్టారు, అందుకే చెప్పాను.

అమెరికాలో మనవాళ్ళకీ ఈ ప్రశ్న దగ్గరపడుతోంది. ఫ్లోరిడాలోని టవారెస్‌లో భారతీయుల కోసం శాంతినికేతన్ అనే రిటైర్‌మెంట్ కాలనీ ఇప్పటికే ఉంది. మన తిండి, మన పండగలు దొరికే చోటు కోసం వెతుక్కునే తెలుగు తల్లిదండ్రులు పెరుగుతున్నారు. వంటవాళ్ళని జీతానికి పెట్టుకోవచ్చు. తద్దినం రోజున పక్కన కూర్చునే మనిషిని ఎక్కడి నుంచి తేవాలో యూదులు వందేళ్ళకి పైగా తంటాలు పడి నేర్చుకున్నారు, ఇప్పుడు పోగొట్టుకుంటున్నారు.

కరోనా నేర్పిన పాఠంతో కొన్ని చట్టాలు మారాయి. 2021 నవంబర్ 12న కేంద్ర సంస్థ సందర్శకుల మీద ఆంక్షలు ఎత్తేసింది. పది రోజుల ముందే టెక్సస్ ఓటర్లు రాజ్యాంగ సవరణకి ఒప్పుకున్నారు. దాని ప్రకారం నర్సింగ్ హోమ్‌లో ఉన్న ప్రతి మనిషీ, ఏ పరిస్థితిలోనూ తన దగ్గరికి రానివ్వాల్సిన ఒక ముఖ్యమైన వ్యక్తి పేరు రాసి ఇవ్వచ్చు. మంచి చట్టం. ఒక్క పేరే రాయాల్సి వస్తే ఎవరైనా కూతురి పేరు రాస్తారు, లేదా కొడుకు పేరు. ఆఫీసుకి వెళ్తూ అరగంట ఆగి పదో మనిషిగా నిలబడేవాడి పేరు రాయడానికి ఆ కాగితంలో ఇంకో గీత లేదు.